నా పేరు కొట్టివేయించవలసిన అగత్యము

జిల్లా ఉద్యోగ కల్పనాధికారి గారి సముఖమునకు,
మంగళగిరి, సాలీల వీధి కాపురస్థుడు, ఎస్సెస్సెల్సీ ప్యాసైన నందం మార్కండేయులు వ్రాసుకొన్న అర్జీ. ఆగస్టు, 1961.

అయ్యా,

విషయం: ఉద్యోగార్థుల రిజిస్టరు నుండి నా పేరు తొలగించి, ఆ మేరకు ఒక కాగితం దయచేయించుట గురించి.

తమ కచేరీకి పేరు ఎక్కించమని వచ్చే అర్జీలే గాని, తీసెయ్యమని వచ్చేవి ఉండవని ఎరుగుదును. అందుచేత దీనిని పొరపాటున ఆ కట్టలో కలపకుండా చివరిదాకా చదవ ప్రార్థన.

1. నేను పరీక్ష ప్యాసైన వారంలోనే మా నాన్నగారు, కీర్తిశేషులు పానకాలు గారు, ఇంట్లో మగ్గం విప్పి అటక ఎక్కించి, నేసేవారు కాళ్లు దించుకుని కూర్చునే గుంటను పూడ్పించి పైన గచ్చు చేయించిరి. గుమాస్తా కాబోయేవాడి ఇంట్లో గుంట ఎందుకని వారి అభిప్రాయము. ఆ గచ్చు మీదనే తమరి పిలుపు కోసం కూర్చొనియుంటిని. గచ్చు మాత్రం బహు నున్నగా కుదిరినది.

2. తమ కచేరీ మీద నాకు ఫిర్యాదు లేదు. ఉద్యోగాలు తక్కువ, కార్డులు ఎక్కువ. నా రిజిస్ట్రేషను కార్డు రెన్యూవల్‌కి వచ్చిన ప్రతిసారీ గుమాస్తా గారు మర్యాదగానే ముద్ర వేసిరి. చిక్కల్లా ఆ ముద్రతోనే. అది పడిన రోజు బస్సులో ఉద్యోగమే వచ్చినంత ధీమాగా ఉండేది. ఊళ్లో దిగేసరికి ఏమీ మిగిలేది కాదు.

3. మా వీధిలో తెల్లవారగానే పడుగు దారాలు బారుగా సాగదీసి, గంజి పెట్టి, కుంచెలతో దువ్వుతారు. పడుగు ఎవరిదైనా ఇంటికొక మనిషి వెళ్లి చెయ్యి వేయడం ఆనవాయితీ. మా ఇంటికి పిలుపు లేదు. ఒకనాడు నేనే వెళ్లి కుంచె పట్టుకోగా పక్కింటి మల్లేశ్వరి పిన్ని, "నీకెందుకు నాయనా ఇయ్యన్నీ, తెల్లచొక్కాకి గంజి అంటుద్ది, ఎళ్లి లోపల కూర్చో" అన్నది. ప్రేమగానే అన్నది. వెళ్లి కూర్చున్నాను. వీధి వీధంతా మగ్గాలు ఆడుతుంటే చప్పుడు లేని ఒకే ఒక్క ఇంట్లో పొద్దు పుచ్చడం ఎలా ఉంటుందో రాయడానికి, అయ్యా, కచేరీ భాష నాకు చాలడం లేదు. ఇదివరకు ఎదురుపడితే "ఏరా, వచ్చిందా?" అనేవారు. ఇప్పుడు అదీ మానేశారు. అడిగినప్పుడే నయం.

4. కావున గచ్చును నేనే గడ్డపారతో పగలగొట్టి గుంట తీసితిని. అటక మీది మగ్గం దించితిని. నూలు ఇచ్చి నేయించుకునే షావుకారు సీతారామాంజనేయులు గారిని ఆశ్రయించగా వారు సెలవిచ్చినది: "నువ్వు కార్డున్న మనిషివిరా! రేపు పిలుపొస్తే సగం నేసిన పడుగు మగ్గం మీదొదిలేసి బస్సెక్కుతావు. నేతలో ఒకడి చేతి దెబ్బ ఇంకొకడికి వస్తదా? చీర అక్కడికక్కడే తేడా కొడతది, ఎవడు కొంటాడు? నీకు ఉద్యోగం రాదని ఆఫీసరు గారి చేత కాయితం రాయించుకురా, నూలిస్తా."
వారి మాటలో తప్పు పట్టలేకపోతిని. ఉద్యోగం వస్తుందేమోనని నాకు ఉద్యోగం లేకుండా పోయినది.

5. కాబట్టి తమరు దయతలచి, ఇతనికి ఇక పిలుపు రాదు అని ఒక్క కాగితం ముద్ర వేసి పంపించ వేడుకొనుచున్నాను. అది వస్తే రేపటి పొద్దున కుంచె పట్టుకుని వీధిలో నిలబడే హక్కు నాకు వచ్చును. అంతకుమించి సర్కారును ఏమీ కోరను.

పై సంగతులు తమ చిత్తమునకు తెచ్చుకుని కనికరింతురని నమ్ముచు,

తమ రిజిస్టరులో ఇక ఉండబోని విధేయుడు,
నందం మార్కండేయులు

తా.క.: ఆ కాగితంలో "అనర్హుడు" అన్న మాట దయచేసి పడనీయవద్దు. "ఖాళీలు లేవు" అంటే చాలు. షావుకారు గారికి చూపు ఆనదు. మా వీధిలో ఎవరికి ఏ కాగితం వచ్చినా చదివిపెట్టేది నేనే. ఇదీ నా చేతనే చదివిస్తారు. వారి అరుగు మీదే మా అమ్మ వెంకాయమ్మ కూలికి నూలు కండెలు చుడుతూ ఉంటుంది. మగ్గం దించింది ఉద్యోగం వచ్చేదాకా కాలక్షేపానికని అనుకుంటున్నది. మావాడి పేరు గవర్నమెంటులో ఉందని ఇప్పటికీ అందరితో చెప్పుకుంటుంది. ఆమె ముందు నేను మధ్యలో ఆగకుండా చదవగలిగేటట్లు రాయించండి.