కరెంటాయనకు నీళ్లు

సూరత్, పర్వత్ పాటియా
ఆగస్టు 2, 2020, ఆదివారం

అమ్మకు దండాలు.

ఇక్కడ బాపు, నేను బాగనే ఉన్నం. బాగనే అంటే దగ్గు లేదు, జరం లేదు, ముక్కుకు వాసన తెలుస్తుంది. మన గల్లీ మోరీ వాసన గుడ మంచిగ తెలుస్తుంది గాబట్టి ఆ రంది నువ్వు పెట్టుకోకు. అక్క కాన్పుకని పోయిన నువ్వు, ప్రసన్నక్క, బావ, పసిది అక్కడ అందరు సల్లగ ఉన్నరని అనుకుంటున్న. పసిదానికి ఇంకా పేరే పెట్టలేదంటే ఏమనాలె? మీరు పెట్టేదాంక అది నడుస్తదేమో.

నీ ఉత్తరం మొన్న వచ్చింది. పోస్టాయన దాన్ని తలుపు సందులకెళ్లి ఇసిరేసి, మా ఇంట్ల పామున్నట్టు ఉరికిండు. ఎవరిని చూసినా గిట్లనే ఉన్నరిప్పుడు. ఎదురింటి పద్మారాణత్త మన అరుగు మీద కూసునే మనిషి, ఇప్పుడు నన్ను చూస్తే కొంగు ముక్కుకు పెట్టుకుంటది. మళ్ల చక్కెర కావాల్నంటే కిటికీలకెళ్లి గిన్నె చాపుతది. నాకైతే మనుషులంటేనే రోత పుట్టింది.

ఫోన్ చెయ్యకుండ ఈ ఉత్తరాలేంది అన్నవు. ఇంట్ల ఉన్నది ఒక్క ఫోను, అది సాయంత్రమంత క్లాసుకే పోతుండె. ఇగ ఈసారి ముచ్చటైతే ఫోన్‌ల చెప్పేది కాదు. చెప్తే నువ్వు సగంల ఏడుస్తవు, నేను సగంల ఒర్రుత, అసలు సంగతి అట్లనే ఉండిపోతది.

నువ్వు అడిగినయన్ని చెప్త. మామిడికాయ తొక్కు బూజు పట్టలే. బాపు తడి చెంచ పెడ్తడు, నేను తిడ్త, అందుకే పట్టలే. షుగర్ గోలీలు దొరుకుతున్నయి. బాపు నేసే ఖటోదరా బట్టల కార్ఖాన తెరిచిండ్రు గని సగం సాంచెలే నడుపుతున్నరు, వయసు మళ్లినోళ్లను ఇప్పుడే రావద్దన్నరట. "ముప్పై ఏండ్లు నా నడుము తిన్న సాంచెలకు ఇప్పుడు నా వయసు యాదికొచ్చిందా" అన్నడు బాపు. నవ్వుకుంటనే అన్నడు. నేను పనిచేసిన రింగ్ రోడ్ ఆఫీసు ఇంకా తెరవలే. మెక్సికోకు బట్ట పంపుత అని నాకు స్పానిష్ నేర్పించిన సేఠ్ ఇప్పుడు ఫోనే ఎత్తుతలేడు. అంటే ఇంట్ల పొయ్యి వెలిగేది నేను పిల్లలకు చెప్పే ఆన్‌లైన్ స్పానిష్ క్లాసు మీదనే అని నీకు తెలుసు.

"మీ బాపు కరెంటు పని నేర్చుకుంటుండా? ఫోన్‌ల టెస్టర్, టెస్టర్ అంటుండు" అని రాసినవు. ఆ టెస్టర్ గురించే ఈ ఉత్తరం. జర ఓపిక పట్టు, మొదటి నుంచి చెప్త.

క్లాసు నడిపే రూపల్ మేడమ్ గురించి నీకు సగమే చెప్పిన. ఆమె నన్ను కొలువుల పెట్టుకున్నరోజే ఒక షరతు పెట్టింది. "ఊర్మిళ అని చెప్తే పర్వత్ పాటియా పిల్లకు ఎవడు ఫీజు కడ్తడు డార్లింగ్? ఇగ నీ పేరు ఎలేనా. స్పెయిన్ నుంచి వచ్చి లాక్‌డౌన్‌ల సూరత్‌ల ఇరుక్కపోయినవు" అన్నది. చెవులకు పెద్ద రింగులు, పెదాలకు ఎర్రరంగు, నోట్ల వంకర ఇంగ్లీషు. వెనక గోడ కనబడకుండ పూల దుప్పటి కట్టుమన్నది. పైసలున్నోళ్ల పిల్లలు పన్నెండుమంది, అందరు గుజరాతీలే. వాళ్లకు నేను మా ఊరి నారింజ తోటల ముచ్చట్లు చెప్పాలె. థూ! ఈ గల్లీల రంగునీళ్ల కాలువ పక్కన పుట్టి పెరిగినదాన్ని, నారింజపూల వాసన గురించి చెప్తుంటె నా నోరు నాకే కంపు కొట్టేది. క్లాసు అయిపోంగనే పుక్కిలించేదాన్ని, నిజంగనే.

మన ఇల్లు నీకు తెల్వందా? ఒక్క అర్ర. దుప్పటి కట్టిన గోడ ముంగట నేను కూసుంటే, బాపు వంటదిక్కు నుంచి బాత్రూంకు పోవాల్నంటే నా వెనకకెళ్లే పోవాలె. వేరే తొవ్వ లేదు. షుగర్ మనిషి, ఎంతసేపు ఆపుకుంటడు? మొదటి వారంల ఒకరోజు లుంగీ మీద వెనక నుంచి పోయిండు. హెత్వి అని తొమ్మిదేండ్ల పోరి, నోరు ఊకుండదు, "మిస్, ఆ అంకల్ ఎవరు?" అన్నది. మేడమ్ క్లాసుల కనబడకుండ కూసుంటది. సర్రున నా ఫోన్‌ల మెసేజ్ పెట్టింది. "ఎలక్ట్రీషియన్ అను."

అన్న. అమ్మా, నేను అన్న. నవ్వుకుంట గుడ అన్న.

బాపుకు ఇంగ్లీషు రాకున్నా ఆ మాట తెల్వదా? ఆ సాయంత్రమే పోయి మన గల్లీ దశరథం మామ దగ్గర టెస్టర్ అడుక్కొచ్చిండు. తెల్లారి నుంచి బాత్రూంకు పోయినప్పుడల్ల లుంగీ ఇడిచి, అక్క పెండ్లికి కుట్టించుకున్న ప్యాంటు ఏసుకొని, చేతుల టెస్టర్ పట్టుకొని పోతుండె. ఒక్కోసారి ఆగి స్విచ్చు బోర్డును చూసి తల గుడ ఊపుతుండె. "ఇదేంది బాపూ" అంటే, "కరెంటోడని చెప్పినవు గద బిడ్డా, ఉత్త చేతులతోని పోతే నమ్ముతరా?" అన్నడు. నేను నవ్విన. నాకు నవ్వెట్లొచ్చిందో నాకే తెల్వదు.

వంటదిక్కు పరద వెనక కూసొని పాఠమంత వింటుండె. అన్నం తినేటప్పుడు, "ఊర్మీ, జర ఆగ్వా పొయ్యి" అంటుండె. ఆగ్వా అంటే వాళ్ల భాషల నీళ్లు.

మొన్న బుధవారం చెప్పిన పాఠం ఏందంటే, ఒకరికి ఏదన్న ఇచ్చుడు, చెప్పుడు, చూపిచ్చుడు. నాకు అంటే మే, నీకు అంటే తే, ఆయనకో ఆమెకో అంటే లే, మాకు అంటే నోస్, వాళ్లకు అంటే లేస్. ఆ చిన్న మాట, ఇచ్చుడు, చెప్పుడు అనే పని మాటకు ముంగట వస్తది. మనకు ఇది పుట్టంగనే వస్తది, నాకు ఇయ్యి, ఆయనకు చెప్పు అని. ఆ గుజరాతీ పిల్లలకు గుడ వస్తది, మనే ఆప్ అంటే నాకియ్యి అనే గద. ఆ ఒక్క ముక్క చెప్తే ఇట్లనే అందుకుంటుండ్రి. ఎలేనాకు గుజరాతీ రాదు గద! ఇంగ్లీషుల ముప్పావుగంట తిప్పి తిప్పి చెప్పిన. పిల్లలు కండ్లు తేలేసిండ్రు.

ఇంకో తిరకాసుంది. లే అంటే ఎవరికైనా కావచ్చు, ఆయనకు, ఆమెకు. ఎవరికో తెల్వాల్నంటే వెనక మళ్ల మనిషిని చెప్పాలె. "ఆయనకు ఇస్త, తాతకు" అన్నట్టు. మీ ఇంట్ల మీరు చూసిన దాని మీద తలా ఒక మాట చెప్పుండ్రి అన్న. ఒకడు అమ్మ నాకు పాలిస్తది అన్నడు. ఒకతి తాత మాకు కథ చెప్తడు అన్నది. హెత్వి చెయ్యి లేపి, నిమ్మలంగ, ఒక్క తప్పు లేకుండ చెప్పింది.

"లా ప్రొఫెసోరా నో లే దా ఆగ్వా ఆల్ ఎలెక్త్రిసిస్తా."

టీచర్ కరెంటాయనకు నీళ్లియ్యదు.

అంతటితోని ఆగిందా? "మిస్, ఆయన రోజు వస్తడు గద, మా ఇంటికి ఎవరొచ్చినా మమ్మీ ముందుగాల నీళ్లిస్తది" అని ఇంగ్లీషుల చెప్పింది. నేనేం చేసిన్నో తెలుసా? "మూయ్ బియెన్" అన్న. మస్తు మంచిగ చెప్పినవు అని. ఆకుపచ్చ చుక్క పెట్టిన, పిల్లలతోని చప్పట్లు కొట్టిచ్చిన. నా మీద నాకు అంత అసయ్యం ఎన్నడు కాలే, అమ్మా. బల్లి పడ్డ అన్నం తెలిసి తెలిసి తిన్నట్టయింది.

రాత్రి తింటుంటె బాపు అడిగిండు. "ఆ పిల్ల ఏమన్నది బిడ్డా, అందరు చప్పట్లు కొట్టిండ్రు?"

"టీచర్ కరెంటాయనకు నీళ్లిస్తది అన్నది" అని చెప్పిన.

"మంచి పిల్ల" అన్నడు. పళ్లెంల చూసుకుంట తిన్నడు. ఆ రోజు ఆగ్వా అడగలే, తానే లేచి ముంచుకున్నడు.

తెల్లారి గురువారం పిల్లల తల్లిదండ్రులు గుడ కూసొని చూసే క్లాసు. అది మంచిగ అయితే నన్ను పక్కా చేస్త అన్నది మేడమ్, కాకుంటె వేరే ఎలేనా దొరుకుతది అన్నది. బాపుకు అంత తెలుసు. పొద్దుగాలనే గడ్డం గీసుకొని, ఇస్త్రీ అంగీ ఏసుకున్నడు. నేను అది చూసి గుడ ఏమనుకోలే. నా సోయి నాకే లేదు.

క్లాసు సగంల ఉన్నది. బాపు వచ్చిండు టెస్టర్ పట్టుకొని. పోలే. నా వెనక మధ్యల నిలబడ్డడు. స్విచ్చు బోర్డు చూసిండు, చేతితోని చెమట తుడుచుకున్నడు, ఫోన్ దిక్కు చూసి జర నవ్విండు. నేను కండ్లతోని పొమ్మన్న. పోలే. హెత్వి కండ్లు ఇంతింత చేసి చూస్తుంది. అందరు చూస్తుండ్రు. అప్పుడు సమజైంది నాకు, నీళ్ల కోసం నిలబడ్డడు. పాఠంల అట్ల ఉన్నదనుకొని, నా క్లాసు మంచిగ కావాల్నని నిలబడ్డడు అనుకున్న.

లేచి చెంబుల నీళ్లు తెచ్చి ఇచ్చిన. "లే దోయ్ ఆగ్వా ఆల్ ఎలెక్త్రిసిస్తా" అని నవ్వుకుంట చెప్పిన. కరెంటాయనకు నీళ్లిస్తున్న అని. చెంబెత్తి తాగిండు. తల్లిదండ్రులు తలలూపిండ్రు. మేడమ్ నుంచి బొటనవేలి బొమ్మ వచ్చింది. అయిపోయింది, నా కొలువు పక్కా అయింది. బాపు చెంబు నా చేతుల పెట్టి, రెండు చేతులు జోడిచ్చి, వంగి అన్నడు.

"ధన్యవాద్, మేడమ్."

నన్ను కన్న బాపు, అమ్మా! నన్ను భుజం మీద ఏసుకొని డుమస్ జాతరంత తిప్పినోడు, నాకు వంగి మేడమ్ అన్నడు.

"మేడమేంది బాపూ" అన్న. తెలుగులనే వచ్చింది నోట్లకెళ్లి. బాపు అంటే గుజరాతీలకు ఎవరు తర్జుమా చెయ్యాలె? వాళ్లు గుడ తండ్రిని అట్లనే అంటరు. బాపు బెదిరిపోయి, "నేను కరెంటోన్ని, కరెంటోన్ని" అని హిందీల అంటుండు, టెస్టర్ ఎత్తి చూపిస్తుండు. నేను ఆ టెస్టర్ గుంజుకొని మంచం మీద పారేసిన. "ఈయన మా బాపు లక్ష్మీరాజం. సాంచెలు నడుపుతడు. నా పేరు ఊర్మిళ. స్పెయిన్ నేను చూడలే, స్పానిష్ రింగ్ రోడ్‌ల నేర్చుకున్న" అని గుజరాతీలనే చెప్పిన. చెవుల రింగులు గుడ పీకేసిన, ఒక చెవి ఇంకా మండుతుంది.

ఎవరో ఒకాయన "పైసలు వాపస్" అని ఒర్రుడు షురూ చేసిండు. ఆ లొల్లిల హెత్వి మళ్ల చెయ్యి లేపింది. ఎవరు పిలవకముందే తన మాట తానే దిద్దుకున్నది.

"లా ప్రొఫెసోరా లే దా ఆగ్వా ఆ సు పాపా." టీచర్ వాళ్ల బాపుకు నీళ్లిస్తది.

అంతల మేడమ్ క్లాసు కట్ చేసింది. వెంటనే ఫోన్ చేసి తిట్టిన తిట్లు నీకు రాయ, పసిదాని ముంగట చదువుతవు. కొలువు పోయింది. ఇగ సాయంత్రమంత ఫోను ఖాళీగనే ఉంటది.

రెండు రోజులు బాపు నాతోని సరిగ మాట్లాడలే. కోపం కాదు. "నేను నిలబడకుంటె పోకుండె, నా వల్లనే పోయింది నీ కొలువు" అని గోడ దిక్కు తిరిగి పండుకున్నడు. అది చూడలేక ఈ పొద్దు చాయ్ ఇచ్చి చెప్పేసిన. "బాపూ, ఆ పిల్ల నీళ్లిస్తది అనలే. ఇయ్యదు అన్నది. నేనే నీకు అబద్ధం చెప్పిన. ఆ అబద్ధానికే నువ్వు నిలబడ్డవు" అన్న.

బాపు చాయ్ సాసర్‌ల పోసుకొని ఊదిండు.

"నో అంటే తెల్వదా బిడ్డా నాకు" అన్నడు. "ఆగ్వా తెలుసు. కరెంటాయన తెలుసు. ముంగట నో అన్నది."

"మరి ఏమన్నది అని నన్నెందుకు అడిగినవు?"

"నువ్వు చెప్తవేమో అని."

ఆయనే చెప్పిండు. "నన్ను కరెంటోడు అనుకుంటే నాకేం పోయింది? గని నా బిడ్డ ఇంటికొచ్చినోనికి నీళ్లియ్యదని అంతమంది పిల్లలు అనుకుంటే నేనెట్ల ఊకుంట? అందుకే నిలబడ్డ."

టెస్టర్ దశరథం మామకు ఇచ్చొచ్చిన. పూల దుప్పటి ఇప్పి నానబెట్టిన. రేపటి నుంచి పని ఎతుకుత, ఏదో ఒకటి దొరుకుతది, నువ్వు అక్కను ఇడిచిపెట్టి ఉరికి రాకు, ఇక్కడ బీమారి ఇంకా తగ్గలే. ఇది చదివినంక బాపును ఏమనకు. నన్ను అను. ఫోన్ చేసి ఎంత తిట్టాల్నో అంత తిట్టు, ఈసారి మధ్యల నేను ఒర్రను.

పసిదానికి నా ముద్దులు. బావకు, అక్కకు నమస్తెలు.

ఇట్లు,
ఎవరు పేరడిగినా ఇగ ఇదే చెప్పే
నీ చిన్నబిడ్డ,
లక్ష్మీరాజం కూతురు ఊర్మిళ