ఒక్కడు నడిపే పడవ

1958 నవంబరు, శనివారం. జగ్గయ్యపేట.

ముక్త్యాల రేవులో ఇవాళ చిన్న తెరచాప పడవ చూశాను. వరదలో అన్నయ్యతో పాటు మా పెద్ద పడవా పోయింది కదా, ఇక నేనొక్కణ్ణే నడుపుకోగలిగింది కావాలి.

"చుక్కాని, తెరచాప తాడు కూర్చున్న చోటే అందుతాయండి. రెండో మనిషితో పనేలేదు," అన్నాడు అమ్మే ఆయన.

ఆయన్ని ఒడ్డునే ఉంచి, ఒక్కణ్ణే నడిపి చూశాను. నది మధ్యలో గాలి తిరిగింది. "అన్నయ్యా, తాడొదులు!" అని అరిచాను, ఎప్పటిలాగే. తాడు నా చేతిలోనే ఉంది. అయినా అన్నయ్య వదులుతాడని చూస్తూ కూర్చున్నాను. పడవ ఒరిగి, నీళ్ళు ఒళ్ళోకి వచ్చాక గానీ నా పిడికిలి విడలేదు.

ఒడ్డుకొచ్చాక ఆయన అడిగాడు, "ఎట్టా ఉందండీ?"

"బాగానే ఉందండి. ఇద్దరం పట్టం."

రెండో మనిషి కోసం ఆయన నా వెనక్కి ఓసారి చూశాడు.