మూత కింది చుక్క

మార్చి 3, సోమవారం

నా పాత ల్యాబ్‌లో పరిశోధన చేస్తున్న అమ్మాయి సిసెల్ ఆఖరి ఫెర్రీ దిగి నేరుగా మా ఇంటికే వచ్చింది. తల ఇంకా తడిగానే ఉంది. దీవి మీది ల్యాబ్‌లోంచి స్నానం చెయ్యకుండా ఎవరూ బయటికి రారు. నేనూ ముప్ఫై ఏళ్లు అలాగే తడి తలతో ఇల్లు చేరాను. జుట్టున్న రోజుల్లో.

శుక్రవారం తన శాంపిల్స్ ఒడ్డుకు వస్తాయట. జ్వరంతో చచ్చిన పందుల రక్తం. అందులోని వైరస్‌ను వేడితో చంపి, ఇక ప్రమాదం లేదనుకున్నాక జట్లండ్‌లోని మరో ల్యాబ్‌కి పంపుతారు. ఇక్కడ లేని యంత్రం అక్కడుంది. మూడేళ్లు ఎదురుచూస్తే దాని మీద తనకు వంతు వచ్చింది, వచ్చే వారమే. ముఖం వెలిగిపోతోంది.

రెండో ట్యూబులోకి మార్చారా అని అడిగాను. రెండో ట్యూబేంటి అంది.

నా రూలు పోయిందని అప్పుడే తెలిసింది. ట్యూబుల్ని వేడిచేసే లోహపు దిమ్మ రంధ్రంలో ట్యూబు సగమే దిగుతుంది. కింద రక్తం ఉడుకుతుంది. మూత లోపల అంటుకున్న చుక్కకు ఆ సెగ చాలదు. అందుకే రక్తాన్ని శుభ్రమైన కొత్త ట్యూబులోకి మార్చి, మూతతో సహా వేడినీళ్లలో ముంచాలని నేను రూలు పెట్టాను. నేను రిటైరవగానే ప్రెబెన్ దాన్ని కొట్టేశాడు. టైమ్ దండగట. నా దగ్గర పని నేర్చుకున్నవాడే. ఇప్పుడు డైరెక్టర్.

ఆ వైరస్ మనిషినేమీ చెయ్యదు. పందుల కొట్టంలో పడితే మాత్రం ఒక్కటీ మిగలదు. జట్లండ్‌లో మనుషుల కన్నా పందులే ఎక్కువ.

మార్చి 4

ప్రెబెన్‌కి ఫోన్ చేశాను. మీటింగ్‌లో ఉన్నాడట. వెనక కాఫీ కప్పుల చప్పుడు.

మార్చి 6, గురువారం

గురువారాలు మాలాంటి రిటైరైనవాళ్లకు దీవి క్యాంటీన్‌లో భోజనం. ప్రెబెన్ నా ఎదురుగానే కూర్చున్నాడు. ఏం ఆస్గర్, ఇంట్లో పుస్తకాలన్నీ అయిపోయాయా, మళ్లీ మా మీద పడ్డావు అన్నాడు. మా చెకింగ్‌లో ఇన్నేళ్లుగా ఒక్క శాంపిలైనా ఫెయిలయిందా చెప్పు అన్నాడు.

చెకింగ్‌కి రక్తం ట్యూబులో ఎక్కణ్ణుంచి తీస్తారయ్యా అన్నాను. అడుగు నుంచి, ఇంకెక్కణ్ణుంచి అన్నాడు. ఒకసారి మూత లోపల తుడిచి చూడు అన్నాను. ముందు నువ్వు గడ్డం తుడుచుకో, సాస్ అంటింది అన్నాడు. బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. నిజంగానే అంటింది.

సిసెల్ మాత్రం నవ్వలేదు. ట్యూబులు నావి, మూతలు చూశాకే పంపుతాను అంది. యంత్రం నీకోసం ఆగదు అన్నాడు ప్రెబెన్. తెలుసు అంది.

అయితే ఏమీ దొరక్కపోతే ఆస్గర్ కేకు చెయ్యాలి అన్నాడు ప్రెబెన్. మా దగ్గర తప్పు చేసినవాళ్లు సొంత చేత్తో కేకు చేసి అందరికీ పెట్టాలి. షాపులో కొన్నది చెల్లదు. ప్రెబెన్ ఉద్యోగంలో చేరాక ఒక్క కేకూ చెయ్యలేదు. తప్పులు చెయ్యక కాదు. ప్రతి తప్పుకూ పక్కవాణ్ణి చూపించి వాడి చేత చేయించాడు.

దొరికితే అన్నాను. దొరికితే నేనే చేస్తాను, నువ్వు అందాకా బతికుంటే అన్నాడు.

మార్చి 7

ఫెర్రీ శాంపిల్స్ పెట్టె లేకుండానే వచ్చింది. హెర్రింగ్ చేప, రై రొట్టె, ఒక చిన్న గ్లాసు మందు. హాయిగా నిద్రపట్టింది.

మార్చి 11

సిసెల్ పంది కణాల మీద పరీక్ష పెట్టింది. వైరస్ బతికుంటే రక్తంలోని ఎర్రకణాలు వాటి చుట్టూ అతుక్కుంటాయి. అడుగు నుంచి తీసినదాంట్లో ఏమీ లేదట. మూతలు తుడిచినదాంట్లోనూ ఇంతవరకూ ఏమీ లేదట.

ప్రెబెన్ తనే ఫోన్ చేశాడు. నాకు యాపిల్ కేకిష్టం, దాల్చినచెక్క మర్చిపోకు అన్నాడు.

రోమన్ చక్రవర్తుల చరిత్ర మూడోసారి చదువుతున్నాను. ప్రెబెన్ ప్రతి సంపుటంలోనూ ఉన్నాడు.

ఇక్కడ అబద్ధం రాసి లాభం లేదు. ఆ వైరస్ బతికుండాలని కోరుకుంటున్నాను. అంటే ఆ అమ్మాయి పని పాడవాలని కోరుకుంటున్నట్టే. తెలిసే కోరుకుంటున్నాను. అయినా వెళ్లి పిండీ యాపిల్ పళ్లూ తెచ్చిపెట్టాను.

మార్చి 12, ఉదయం 7

సిసెల్ ఫోటో పంపింది. మూత కింది చుక్కే. నడుమ ఒక కణం, చుట్టూ ఎర్రకణాలు రేకుల్లా అతుక్కుని. ఒకటి కాదు, ఫోటో నిండా పూలే. ఇంత అందంగా ఉంటుందని మర్చిపోయాను.

వెంటనే ఫోన్ వచ్చింది. ముసలోడా, నువ్వన్నదే నిజం, నిన్ను పీక పిసికి చంపెయ్యాలనుంది అంది. ఏడుస్తోంది. కాసేపటికి నవ్వింది. అది శుక్రవారం జట్లండ్ వెళ్లిపోయుండేది ఆస్గర్ అంది. అవును అన్నాను. ఇంతకన్నా పెద్ద మాట ఏదైనా అందామనుకున్నాను, రాలేదు. ఇంత చదివీ.

సాయంత్రం

ప్రెబెన్ అప్పుడే మొదలుపెట్టాడట. సిసెల్ మూత సరిగ్గా బిగించలేదేమో, కేకు ఆ అమ్మాయే చెయ్యాలేమో అన్నాడట. మిగతావాళ్లు చేసిన పాత ట్యూబుల మూతలు కూడా తుడిచాను, వాటిలోనూ ఇవే పూలు, అందరినీ తలా ఒక కేకు చెయ్యమంటావా అందట సిసెల్. ఈ మాట తన చేత రెండుసార్లు చెప్పించుకున్నాను.

జట్లండ్ వాళ్లు తమ మీదికి ఏం రాబోయిందో విని తనకు ఏప్రిల్‌లో వంతిచ్చారు. ఫ్రీజర్‌లో రక్తం ఇంకా ఉంది. మళ్లీ చేస్తుంది. ఈసారి రెండో ట్యూబుతో.

యాపిల్ పళ్లు ఉత్తినే తినేశాను.

మార్చి 28, శుక్రవారం

అడుగూ శుభ్రం, మూతా శుభ్రం. పెట్టె ఫెర్రీలో వచ్చింది. రేవులో గాలి కోసేస్తోంది, అయినా వెళ్లాను. పెట్టె మీద చెయ్యి పెట్టి చూశాను. ఏం చూస్తున్నావు, జ్వరముందా అంది సిసెల్.

రూలు మళ్లీ గోడ మీదికి ఎక్కిందట. కింద నా పేరు లేదు. పాతదాంట్లో ఉండేది. ఫర్వాలేదు.

ఏప్రిల్ 3, గురువారం

ప్రెబెన్ యాపిల్ కేకు తెచ్చాడు. సొంతంగా చేసిందే. అడుగు మాడింది, పైన పచ్చిపిండి. అతను చూశాడు. నేనూ చూశాను.

ఇంకో ముక్క పెట్టమన్నాను.