వ్యాన్‌లో మరుగుదొడ్డి

ఆదివారం రాత్రి, నందికొట్కూరు.

నా పేరు ఓబుళమ్మ. డెబ్బై దాటాయి. కొడుకు, కోడలు సుజాత, మనవరాలు శ్రావణితో ఉంటాను. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే శ్రావణి రాస్తోంది.

ఈరోజు కర్నూలులో పాత వ్యాన్ చూడటానికి పోయాం. అందులో పడకలు, పొయ్యి అమర్చుకుని ఇంటిల్లిపాదీ ఊళ్లు తిరగాలని మావాడి కోరిక. బేరం కుదిరాక సుజాత, వెనక మూలన చిన్న మరుగుదొడ్డి కూడా కట్టిద్దామంది. నాకు ఒళ్లు మండింది.

"అన్నం వండే బండిలో దొడ్డి పెడ్తావా? ఎవరికే అంత అవసరం?" అని పరాయి మగవాళ్ల ముందే అరిచాను.

సుజాత తల దించుకుంది. "నాకే అత్తా. దారిలో నేను ఆపుకోలేను."

బండి అమ్మే ఆయన మావాడి వైపు తిరిగి, "ఏమప్పా, బండి కొంటాండావా, బాత్రూం కొంటాండావా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

నవ్వుతుండగానే తెలిసింది, అది ఎవరి కోసమో. పోయినేడు మహానంది నుంచి వస్తుంటే బస్సులో నా చీర తడిసింది. సుజాత తన శాలువా నాకు చుట్టి దింపింది, ఎవరికీ చెప్పలేదు. అప్పటి నుంచి మోకాళ్ల నొప్పులని చెప్పి నేను ఏ దూరపు ఊరికీ కదల్లేదు.

సుజాత ఒక్క మాటతో నా నోరు మూయించి ఉండొచ్చు. మూయించలేదు. అంతా తెలిసి కూడా నేను నవ్వు ఆపలేదు.

ఆ అవసరం నాది, సుజాతది కాదు. ఇది నా వేలిముద్ర.

సాక్షులు: శ్రావణి, నా కొడుకు మద్దిలేటి. సుజాత పేరు కూడా రాయమన్నాను. "సంతకానికి అమ్మను పిలువు అవ్వా" అంటోంది శ్రావణి. సుజాత వంటింట్లోనే ఉంది. ఏ మొహంతో పిలవను...