పొడుగు వైరు కావాలి

నాగాయలంక

విల్సన్ మావయ్యగారికి వందనాలు.

ఫోన్లో చెబితే ఈయన వింటారని ఉత్తరం రాస్తున్నాను. మీరు బందరులో ఎంచి పంపిన, తాడు చుట్టుకుంటూ బరువులు లాగే కరెంటు విన్చ్‌ని వెల్డరు హనోకు ఆగిపోయిన కార్లను ఎక్కించుకెళ్లే మా ట్రైలర్ ముందు భాగంలో బిగించాడు. టన్నున్నర కారుని లాగడానికి నాలుగు టన్నులది ఎందుకని మీతో వాదించాను, క్షమించండి. నిన్న రొయ్యల చెరువు పక్కన కూరుకుపోయిన కారుని చూశాక తెలిసింది, బురద కూడా బరువేనని.

భుజం ఆపరేషన్ అయిన దగ్గర్నుంచీ, ఆర్నెల్లుగా ఈయన సరిగ్గా మాట్లాడటం లేదు. "మోటారే లాగితే ఇక నేనెందుకే?" అంటూ నిన్న కూడా దూరంగానే నిలబడ్డారు. నేను బటన్ నొక్కాను. తాడు బిగిసి కారు కదిలేసరికి, పడవలు లాగిన అలవాటు ఎక్కడికి పోతుంది, "ఐలెస్సా!" అని అరిచారు. గట్టు మీద జనం "హైలెస్సా!" అని అందుకున్నారు. తాడు మీద ఒక్క చెయ్యి లేదు. అయినా కారు ట్రైలర్ ఎక్కేదాకా ఎవరూ అరుపు ఆపలేదు.

ఇప్పుడో చిక్కొచ్చింది. ఈ బటన్ వైరు పొట్టిది, ట్రైలర్ పక్కనే నిలబడాలి. ఈయనేమో జనం మధ్య నిలబడి అరుస్తారట, బటన్ కూడా తన చేతిలోనే ఉండాలట. పొడుగు వైరున్నది చూసి త్వరగా పంపండి.

మీ మేనకోడలు