కళ్ళు మూసుకుంటే ఎవరూ లేరు

నాచారం,
20-7-1989.

శ్రీ కనకరాజు గారికి,

నమస్కారాలు. ఇక్కడ మేమంతా బాగున్నాం. కాజీపేటలో మీరూ, మీ అమ్మగారూ, మీ అక్క తారామణి వదినె అందరూ క్షేమమని తలుస్తాను.

ఈ ఉత్తరం ఇవాళే ఎందుకు రాయాల్సి వచ్చిందో ముందు చెబుతాను. మన సంబంధం తెచ్చిన ఉప్పలయ్య మామ నిన్న మా ఇంటికి వచ్చాడు. "పిల్లకు పిలగాడు నచ్చలేదంట గదా. వాళ్ళు ఇంకో సంబంధం సూసుకుంటరట. ముప్పై తారీఖు ఐతారం నేను కాజీపేట పోయి మాట తెంపుకొని వస్త" అని మా నాయనతో అన్నాడు. మీరు నచ్చలేదని నేను ఎవరితోనూ అనలేదు. ఏమన్నానో నేనే మీకు చెప్పాలి. పెళ్ళికి ముందు ఆడపిల్ల ఇట్లా ఉత్తరం రాస్తే నలుగురూ ఏమంటారో తెలుసు. కానీ మా ఇంట్లో రాయడం వచ్చింది నాకొక్కదానికే. ఇంకెవరితో రాయించను?

మృగశిర కార్తె, అదే మా మిరుగం నాడు వదినె మా ఇంటికి వచ్చింది. అందరం చేపల పులుసు తిని నవ్వుకుంటూ కూర్చున్నాం. వదినె చేతులు కడుక్కుంటూ, "ఏం పిల్లా, కండ్లు మూస్తె మా తమ్ముడే కనవడుతుండా?" అని అడిగింది. తల వంచుకుని నవ్వితే సరిపోయేది. నేను నిజంగానే కళ్ళు మూసుకుని చూశాను. "లేదు వదినె, ఏం కనవడ్తలేదు" అన్నాను. "గంత కానోడైండా మా తమ్ముడు?" అంటూనే ఆమె చెప్పులు తొడుక్కుంది.

వదినె వెళ్ళాక మా అమ్మ ఊరుకోలేదు. "మాట వరసకన్న ఊఁ అనరాదే! ఆఫీసుల టైపు కొట్టినట్టు ఉన్నదున్నట్టు సెప్పాల్నా? నిన్ను సదివిపిచ్చినందుకు మంచిగనే అయింది మాకు" అని తిట్టింది.

తిట్లు అయిపోయాక అమ్మను మెల్లగా అడిగాను, కళ్ళు మూసుకుంటే చనిపోయిన అమ్మమ్మ నీకు కనిపిస్తుందా అని. అమ్మ బియ్యం చెరుగుతూనే, "కనవడక యాడికి పోతది? పొయ్యి కాడ కూసొని రొట్టెలు కొడుతనే ఉంటది. ముక్కుపుల్ల సుత మెరుస్తది" అన్నది. పక్కింటి సంగతి చెప్పినంత మామూలుగా చెప్పింది.

మర్నాడు ఆఫీసులో నా పక్క కుర్చీలో కూర్చునే అనంతలక్ష్మిని అడిగాను. ఆమెది రాజమండ్రి. "కళ్ళు మూసుకుంటే చాలు, మా గోదావరి గట్టు కనిపిస్తుంది. మరి నీకేం కనిపిస్తుంది?" అన్నది. చీకటి అన్నాను. "పోవే, వేళాకోళం!" అని నవ్వి, మళ్ళీ టైపు చేసుకుంది.

అంతవరకూ ఇవన్నీ కథల్లో రాసుకునే మాటలే అనుకున్నాను. అందరికీ నిజంగానే కనిపిస్తుందని తెలియదు. మా నాయన షిఫ్టుకు వెళ్ళి మలుపు తిరిగాడంటే నాకు ఆయన ముఖం ఉండదు. మీసం ఉందని తెలుసు, చెవి దగ్గర వెంట్రుకలు నెరిశాయని తెలుసు. పాఠం అప్పజెప్పినట్టు చెప్పగలను. చూడలేను. ఎదురుపడితే మాత్రం వెంటనే గుర్తుపడతాను.

ఆ సాయంత్రం ఉప్పల్ నుంచి బస్సులో వస్తున్నాను. కొందరు కిటికీలకు తల ఆనించి కళ్ళు మూసుకున్నారు. వీళ్ళంతా ఎవరినో ఒకరిని చూసుకుంటున్నారన్నమాట అనిపించింది. ఇన్నేళ్ళూ నేనొక్కదాన్నే ఉత్తగా కళ్ళు మూసుకుని కూర్చున్నాను. దిగాల్సిన చోట దిగకుండా ముందుకు పోయి, వెనక్కి నడిచి వచ్చాను. ఈ సంగతి చెప్పుకోవడానికి ఎవరూ లేరు. అమ్మకు చెబితే దవాఖానాకో, తాయెత్తు కట్టేవాళ్ళ దగ్గరికో తీసుకుపోతుంది.

కలల్లో మాత్రం నాకు అన్నీ కనిపిస్తాయి. అంటే ఆ చూపు నాలో ఎక్కడో ఉంది, మెలకువ వస్తే పోతోంది. అందుకని మెలకువ రాగానే కదలకుండా, కళ్ళు తెరవకుండా, కలలోని ఒక్క వస్తువును పట్టుకుని పడుకోవడం మొదలుపెట్టాను. మొదట్లో ఏదీ నిలవలేదు. ఒకరోజు కలలో మంచం మీద మిరపకాయలు ఎండుతున్నాయి. ఆ ఎరుపు ఫ్యాక్టరీ సైరన్ మోగేదాకా నాతోనే ఉంది. ఇప్పుడు మధ్యాహ్నం టిఫిన్ డబ్బా మూసి కళ్ళు మూసుకుంటే, అప్పుడప్పుడు ఆ ఎరుపు అగ్గిపుల్ల గీసినట్టు వచ్చి పోతుంది. నేను నేర్చుకున్నది అంతవరకే. మనుషులు ఎప్పటికైనా వస్తారో లేదో చెప్పలేను.

మీరు మా ఇంటికి వచ్చిన రోజు కుర్చీలు చాలక మా నాయన గోడకు ఆనుకుని నిలబడ్డాడు. మీరు లేచి, "మామా, మీరు కూసోండ్రి. నేను రైల్ల నిలబడే వచ్చిన, నాకు అలవాటైంది" అన్నారు. అందరూ నవ్వారు. నాయన కూర్చున్నాడు. మీ ముఖం గుర్తు తెచ్చుకోమంటే నాకు గుర్తొచ్చేది ఇదే.

ఇటువంటి దానితో బతకడం కష్టమనిపిస్తే మొహమాటపడకండి. ముప్పయ్యో తేదీ ఆదివారం లోపల నాకు చేరేటట్టు ఒక కార్డు రాయండి. మా ఇంటికి వచ్చే ఉత్తరాలన్నీ చదివి చెప్పేది నేనే కాబట్టి భయం లేదు. మీరు వద్దన్నా నేనేమీ అనుకోను.

ఇట్లు,
సత్యవేణి

మళ్ళీ రాస్తున్నది: ఏమీ అనుకోనని మర్యాదకు రాశాను. అది నిజం కాదు. పొద్దున్నే కదలకుండా పడుకోవడం నేర్చుకున్నది మీ కోసమే. మొన్న తెల్లవారుజామున మీరు కలలోకి వచ్చారు. కుడి కనుబొమ్మ మధ్యలో చిన్న గాటు ఉంది, అక్కడ వెంట్రుకలు లేవు. మెలకువ వచ్చాక కూడా కాసేపు అది కనిపించింది. ఆ గాటు మీకు నిజంగా ఉందో, కల పెట్టిందో నాకు తెలియదు. ఇంట్లో ఎవరినీ అడగలేదు. వద్దని రాసినా సరే, అది ఉందో లేదో మాత్రం రాయండి.