తమరు వేయించిన ఒట్టును తమరే తీసివేయుట గురించి

గౌరవనీయులైన మండల అధికారి గారి సముఖమునకు,

సురంగల్ గ్రామ నివాసి, కీ.శే. మారయ్య భార్య సంగమ్మ, వయస్సు డెబ్బై పైన, చదువు లేదు, చెప్పి రాయించుకున్న అర్జీ.

విషయం: ఫోనుకు వచ్చు నంబరు ఎవరికీ చెప్పనని వేసిన ఒట్టు నుండి విడుదల కోరుట, పెనిమిటి భూమిని నా పేరుకు మార్చు విరాసత్ పూర్తి చేయించుట గురించి.

అయ్యా,

1. గత నెల తమరు మా పంచాయతీ వద్ద మీటింగు పెట్టి దొంగ మెసేజ్‌ల సంగతి చెప్పినారు. మెసేజ్ అడుగున వచ్చు నీలం గీత, అదే లింకు, నొక్కవద్దు, తొందరపెట్టేవాడిని నమ్మవద్దు, ఫోనుకు వచ్చిన నంబరు దేవుడు అడిగినా చెప్పవద్దు అన్నారు. "మీ పిల్లల మీద ఒట్టేసి చెప్పండి" అన్నారు. మిగతావాళ్లు చప్పట్లు కొట్టి, చాయ్ తాగి పోయినారు. నేను నా మనుమరాలు శ్రీజ నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టు వేసినాను. "ఈ అవ్వను చూసి నేర్చుకోండి" అని తమరే అన్నారు.

2. తమరి మాట మేలే చేసినది. కరెంటు కోస్తామని ఒకడు మెసేజ్ పెట్టి, ఫోన్ కూడా చేసి "మేడం, అర్జెంట్" అన్నాడు. మా ఊరిలో నన్ను మేడం అనేవాడు ఇంకా పుట్టలేదు. "కరెంటు కోసేటోడు మా లైన్‌మన్ భిక్షపతి. కోసే ముందు మా ఇంట్ల చాయ్ తాగి చెప్తడు. నువ్వెవడివిరా?" అన్నాను. పెట్టేసినాడు. పార్సిల్ వచ్చినదని ఇంకొకడు. నాకు పార్సిల్ పంపే దిక్కు ఎవరు? కావున దొంగలను గుర్తుపట్టుటలో నాకు ఇబ్బంది లేదు. ఇబ్బంది అంతా మంచివాళ్లతోనే.

3. నా పెనిమిటి పేరు మీది ఎకరం ఇరవై గుంటలు నా పేరుకు మార్చుకొనుటకు తమరి ఆఫీసుకు పోయినాను. వేలిముద్ర అయినది. ఫోను మోగినది. కౌంటర్ మీది పిల్ల చెయ్యి చాపినది.

"అవ్వా, నంబర్ వచ్చింది, చెప్పు."

"చెప్పొద్దని మీ సారే ఒట్టేయించిండు."

"నాకు చెప్పొచ్చవ్వా, నేను ఆఫీసుదాన్ని."

"దొంగ గూడ గదే అంటడు బిడ్డా."

లైనులోనివారు నవ్వినారు. ఆ నంబరు కొద్ది నిమిషాలే బతుకునట. చచ్చినది. ఇట్లు మూడుసార్లు పోయి మూడుసార్లు తిరిగి వచ్చినాను.

4. ఎవరికీ చెప్పవద్దు అనుట చదువు వచ్చినవారికి సులువు. ఆ నంబరు నాకు తెలియాలంటేనే ఇంకొకరు చదవాలి. నా గుట్టు నాకంటే ముందు ఊరికి తెలియును. ఇందుకు తమరి మీటింగులో ఉపాయము చెప్పలేదు.

5. నా మరిది యాదయ్య ఆ భూమిని ఫామ్‌హౌస్ వాళ్లకు చూపుచున్నాడు. "చచ్చినోని పేరు మీద ఉన్నది ఇంక నాదే. నువ్వు ఒట్టు పట్టుకోని కూసో వదినా" అని నలుగురిలో అంటున్నాడు. కోడలు కవిత "చెప్పెయ్ అత్తా, ఒట్టుతోని ఏం గాదు" అంటున్నది. నేను చెయ్యి పెట్టినది దాని బిడ్డ నెత్తి మీదనే. అయినా ఆ పిల్ల దగ్గితే నిద్ర పట్టనిది నాకు. చెబితే పిల్లకు కీడు, చెప్పకుంటే భూమి పోవును. నేను ఎటు అడుగు వేయవలెను?

6. ఒట్టు వేసినవారు దానిని తీసుకోలేరు. వేయించినవారే తీయాలి. కావున తమరు సోమవారం కౌంటర్ వద్దకు వచ్చి, శ్రీజ నెత్తి మీద చెయ్యి పెట్టి "ఈ ఒక్క నంబరుకు ఒట్టు తీసిన" అని నోటితో అనవలెను. మొత్తం తీయవద్దు, మిగతా దొంగల కోసం కావాలి. పిమ్మట ఆ నంబరును తమరే అందరికీ వినబడునట్లు చదవవలెను. పది మంది విన్నదానిని ఒక్కడు దొంగిలించలేడు.

ఈ ముసలిదాని గోడు దయతో చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
సంగమ్మ (వేలిముద్ర)

మరొక మాట, చెప్పింది చెప్పినట్టు రాయమన్న: ఈ అర్జీ రాసే మాణిక్యం అడుగున ఫోన్ నంబర్ వెయ్యాలంటున్నడు, జవాబు మెసేజ్‌ల వస్తదంట. వద్దన్న. సారూ, మనిషిని పంపుండ్రి. నేను ఇంట్ల దొరక. యాదయ్య పొద్దుగాల నా చేన్ల హద్దురాళ్లు దింపించిండు. ఒక్కటి గూడ పాతనియ్య. పోయి ఆ రాళ్ల మీదనే కూసుంటున్న.